మాధ్యమం మారిన ప్రతిసారీ: హైదరాబాదు ఉన్నత విద్యలో మిశ్రమ బోధన, అధ్యాపకుల అనుభవం

వ్యాస సంక్షిప్తి

తరగతి గదిలోని బోధనకు అంతర్జాల బోధనను జోడించే మిశ్రమ పద్ధతి 2020 తరువాత తెలుగు ప్రాంతపు విశ్వవిద్యాలయాలలో సాధారణ చర్చనీయాంశమైంది. అయితే పాఠాన్ని ఒక మాధ్యమం నుంచి మరొక మాధ్యమానికి తరలించవలసిన పరిస్థితి హైదరాబాదు అధ్యాపకులకు అంతకుముందే మూడుసార్లు ఎదురైంది. ఆ మూడు సందర్భాలతో 2020 నాటి మార్పును పోల్చి, అధ్యాపకుని పని స్వరూపం ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మిశ్రమ బోధన, దూరవిద్య, సార్వత్రిక విశ్వవిద్యాలయం, తెలుగు అకాడమి, యూనికోడ్, పద్యబోధన, చంపాపేట.

1. ఉపోద్ఘాతం

బ్లెండెడ్ లెర్నింగ్ అనే మాట మన కళాశాలల స్టాఫ్ రూములలోకి సర్క్యులర్ల ద్వారా వచ్చింది. 2021 మే నెలలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఈ విషయంపై ఒక భావనా పత్రాన్ని విడుదల చేసి అభిప్రాయాలు కోరింది. స్వయం వేదికపై ఉన్న కోర్సులు కాక, తక్కిన ప్రతి కోర్సులోనూ నలభై శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చునన్నది అందులోని ప్రధాన ప్రతిపాదన. అప్పటికే ఏడాదికి పైగా నూరు శాతం ఆన్‌లైన్‌లో బోధిస్తున్న అధ్యాపకులకు అది ఒక రకంగా వెనుకకు వేసిన అడుగులా, మరొక రకంగా తాత్కాలికమనుకున్నది శాశ్వతమైనట్లుగా తోచింది.

దీనిపై ఇంతవరకు వచ్చిన చర్చలో రెండు ధోరణులు ఎక్కువగా కనిపిస్తాయి. సాంకేతికతను స్వాగతించేవారు దీనిని కొత్త యుగంగా వర్ణిస్తారు. వ్యతిరేకించేవారు గురుశిష్య సంబంధం దెబ్బతిన్నదని వాపోతారు. ఈ రెండింటిలోనూ చరిత్ర లోపించింది. హైదరాబాదు నగరంలో ఉన్నత విద్య వందేళ్లలో తన మాధ్యమాన్ని పలుమార్లు మార్చుకున్నది. భాష మారింది, అచ్చు పాఠం వచ్చింది, రేడియో వచ్చింది. ప్రతి మార్పులోనూ భారం మోసినవాడు అధ్యాపకుడే. ఆ భారాన్ని ఎవరు పంచుకున్నారు అన్న ప్రశ్న వేసుకుంటేనే 2020 ప్రత్యేకత బోధపడుతుంది.

ఆధారాల విషయంలో ఒక మాట. తొలి మూడు సందర్భాలకు సంస్థల చరిత్రలు, పాఠ్యగ్రంథాలు ఉన్నాయి. నాలుగో దానికి చంపాపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతంలో పనిచేస్తున్న తెలుగు అధ్యాపకురాలిగా నేను చూసినవి, సహాధ్యాపకులతో మాటలలో విన్నవి ఆధారం. ఇది సర్వే కాదు. లెక్కలు చెప్పడానికి ఇది చాలదు. పని ఎలా జరిగిందో చెప్పడానికి మాత్రం చాలునని నా నమ్మకం.

2. మూడు పూర్వ సందర్భాలు

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలయింది. ఆధునిక శాస్త్రాలన్నీ ఒక భారతీయ భాషలో చెప్పాలన్న ఆ నిర్ణయం అప్పటికి సాహసమే. గమనించవలసినది తేదీల వరుస. విశ్వవిద్యాలయం తరగతులు ప్రారంభించడానికి ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి తొలినాళ్లలో నాయకత్వం వహించారు. జీతం తీసుకొని అనువదించే పండితులు, పారిభాషిక పదాలను నిర్ణయించే సంఘాలు ఉండేవి. అధ్యాపకుడు తరగతిలోకి వెళ్లేసరికి పుస్తకమో, కనీసం పదమో సిద్ధంగా ఉండాలన్నది వారి ఆలోచన. ఆ విద్య ఎవరి భాషలో జరిగింది, తెలుగు, మరాఠీ, కన్నడ విద్యార్థులు దాని వలన ఏమి కోల్పోయారు అన్నది వేరే చర్చ, చిన్న చర్చ కాదు. ఇక్కడ మనకు కావలసినది ఒక్కటే: మాధ్యమం మారుతుందని తెలిసినప్పుడు ముందుగా ఒక సంస్థను నిర్మించారు.

రెండో సందర్భం 1968లో తెలుగు అకాడమి స్థాపన. అప్పటి విద్యాశాఖ మంత్రి పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలలో తెలుగు మాధ్యమం ప్రవేశపెట్టే ప్రయత్నానికి అకాడమి పాఠ్యపుస్తకాలను, పారిభాషిక పదకోశాలను సమకూర్చింది. ఆంగ్లంలో చదివి వచ్చిన అధ్యాపకులు తెలుగులో చెప్పవలసి వచ్చింది. పదకోశంలోని సంస్కృత సమాసం నోరు తిరగక, ఆంగ్ల పదానికి తెలుగు క్రియను తగిలించి నెట్టుకొచ్చిన పాఠాలు ఆ తరంలో తక్కువేమీ కాదు. అకాడమి పదాలను ఎగతాళి చేయడం మనకొక అలవాటు. కాని ఎగతాళి చేయడానికైనా ఒక పదకోశం చేతిలో ఉండినది.

మూడోది మనకు అన్నింటికంటే దగ్గరి పోలిక. ఉత్తరాల ద్వారా బోధన భారతదేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంతో ప్రారంభమయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనూ, ఉస్మానియా 1977లోనూ కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టాయి. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు తెలుగు కార్యక్రమాలు అందాయి. వాటిని తయారు చేసిన కేంద్రాలలో హైదరాబాదు ఒకటి. ఆ కార్యక్రమాలు బడిపిల్లలకు, రైతులకు ఉద్దేశించినవే తప్ప విశ్వవిద్యాలయాలకు కావు. అయినా తెర మీది పాఠం అనే భావన ఇక్కడి విద్యారంగానికి అప్పుడే పరిచయమయింది.

ఈ నేపథ్యంలో 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటిది. ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్ కాలంలో ఆరంభమైన ఈ సంస్థకు ఆచార్య జి. రాంరెడ్డి తొలి ఉపాధ్యక్షులు. అంతకుముందు ఆయన ఉస్మానియా ఉపాధ్యక్షులు. ఆ తరువాత 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులై, అనంతరం విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షులయ్యారు. 1991లో విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

అచ్చు పాఠం, రేడియో ప్రసంగం, తరువాతి కాలంలో దృశ్య పాఠాలు, వాటికి తోడుగా అధ్యయన కేంద్రాలలో సెలవురోజుల ముఖాముఖి తరగతులు: ఇది పేరు లేని మిశ్రమ బోధనే. ఇక్కడ అధ్యాపకుని పని ముక్కలైంది. పాఠం రాసేది ఒకరు, దానిని సంపాదకత్వం చేసేది మరొకరు, రేడియోలో చదివేది ఇంకొకరు, ఆదివారం నాడు విద్యార్థి సందేహం తీర్చే కౌన్సెలర్ వేరొకరు. బ్రిటిష్ ఓపెన్ యూనివర్సిటీ అనుసరించిన కోర్సు బృందం పద్ధతి దీనికి మూలం. సంప్రదాయ విశ్వవిద్యాలయాలలో గంట కొట్టగానే గొంతు సవరించుకొనే అధ్యాపకులు, ఎదుట విద్యార్థి లేని పాఠాన్ని కాగితం మీద చెప్పడం నేర్చుకోవలసి వచ్చింది. పాఠం మొదట లక్ష్యాలు చెప్పడం, మధ్యలో విద్యార్థి తన్ను తాను పరీక్షించుకొనే ప్రశ్నలు పెట్టడం, వాక్యాన్ని చిన్నది చేయడం వంటివి ఉపన్యాస శైలికి అలవాటైన కలానికి కొత్త. ఆ పుస్తకాలను ఈనాడు చదివినా, ఉపన్యాసం వ్యాసంగా మారలేక పెనుగులాడిన చోట్లు, సునాయాసంగా మారిన చోట్లు రెండూ కనిపిస్తాయి. తెలుగు మాధ్యమ పోటీ పరీక్షార్థులు ఆ పుస్తకాలను నేటికీ వెతుక్కొని కొనడం దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో చూడవచ్చు. రచయితల పేర్లు లోపలి పుటలో అచ్చయి ఉంటాయి. ఈ చిన్న సంగతికి మళ్లీ వస్తాను.

1984లో నిధుల సంఘం దూరదర్శన్ ద్వారా దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమం మొదలుపెట్టినా, అది ఎక్కువగా ఆంగ్లంలో సాగడం వలన తెలుగు మాధ్యమ కళాశాలలపై దాని ముద్ర స్వల్పం. మన టీవీ, 2017లో అది మారిన టీ-శాట్ ఈ కొరతను కొంత తీర్చాయి.

3. 2020: సంస్థ లేని మార్పు

2020 మార్చి మధ్యలో తెలంగాణ ప్రభుత్వం విద్యాసంస్థలను మూసివేసింది. మొదట ఆ నెలాఖరు వరకే అన్నారు. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వసతిగృహాల నిర్వాహకులు ఖాళీ చేయమనడంతో విద్యార్థులు, చిన్న ఉద్యోగులు అనుమతి పత్రాల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరిన రోజులవి. వసతిగృహాలను మూయరాదని ప్రభుత్వం ఆదేశించేలోపే చాలామంది ఊళ్లకు బయలుదేరారు.

ఈ ప్రాంతపు కళాశాలల స్వరూపం తెలిస్తేనే ఆ తరువాతి కథ అర్థమవుతుంది. చంపాపేట మీదుగా సాగే నాగార్జునసాగర్ రహదారి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ వైపు పోతుంది. ఎల్.బి. నగర్ కూడలిలో విజయవాడ రహదారి అందుకుంటుంది. నల్లగొండ, దేవరకొండ, సూర్యాపేట ప్రాంతాల పిల్లలు బస్సుల మీదనో, హాస్టళ్లలో ఉండో చదువుకొనే చోటు ఇది. లాక్‌డౌన్‌తో ఒకే గదిలో కూర్చొనే తరగతి పదుల ఊళ్లకు చెదిరిపోయింది. కొందరికి ఇంటిలో సిగ్నల్ ఉండదు, మిద్దె మీద ఉంటుంది. కొందరికి ఇంటికొక్కటే ఫోను. అది నాన్నతో పాటు పొలానికో, తాపీపనికో పోతుంది. పదకొండు గంటల తరగతికి ఆ విద్యార్థి హాజరు రాత్రి ఎనిమిదింటికి పడుతుంది, అదీ వాట్సాప్‌లో "మేడం, ఇప్పుడే చూశాను" అన్న సందేశంగా.

పాఠశాల, ఇంటర్మీడియట్ విద్యార్థులకు 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. అక్కడ స్టూడియో ఉంది, ఎంపిక చేసిన ఉపాధ్యాయులు ఉన్నారు, వేళల పట్టిక ఉంది. డిగ్రీ, పీజీ అధ్యాపకునికి ఉన్నవి తన ఫోను, తన డేటా ప్యాకు, తన ఇంటి గోడ. 1982లో నలుగురైదుగురికి పంచిన పనులన్నీ ఒక్క మనిషి మీదికి తిరిగివచ్చాయి. పాఠం రాయాలి, టైపు చేయాలి, చిత్రీకరించాలి, కత్తిరించాలి, పంపాలి, చేరిందో లేదో కనుక్కోవాలి, హాజరు నింపాలి, ఆ హాజరును తెరచిత్రంగా పై అధికారికి పంపాలి. ఇవన్నీ అయ్యాక బోధించాలి.

ఆడ అధ్యాపకుల విషయంలో ఈ పని వంటింటికి, పిల్లల ఆన్‌లైన్ బడికి మధ్య ఇరుక్కుంది. ఇల్లు నిద్రపోయాక రికార్డు చేసిన పాఠాలలో గొంతు తగ్గించి మాట్లాడటం ఇప్పటికీ వినిపిస్తుంది. మా ప్రాంతపు కళాశాలల పనిభారపు పట్టికలలో తరగతి గంటకు గడి ఉంది కాని, ఆ రాత్రి గంటకు లేదు.

అక్టోబరు 13, 14 తేదీల కుండపోత దీనికి తోడయింది. సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీట మునిగాయి. చంపాపేట పరిసరాలలో కూడా ఇళ్లలోకి నీరు చేరింది. కరెంటు పోతే రూటరు పోతుంది, రూటరు పోతే తరగతి పోతుంది. కళాశాల భవనం అన్నది వానను ఆపడానికి కూడా కట్టుకున్నదని ఆ వారం అందరికీ గుర్తుకు వచ్చింది.

4. తెలుగు పాఠానికి ఎదురైన ప్రత్యేక సమస్యలు

అన్ని శాఖలకూ ఉన్న ఇబ్బందులు ఒక ఎత్తు. తెలుగు శాఖకు ఎదురైనవి మరొక ఎత్తు. వీటిని గురించి చర్చ దాదాపు జరగలేదు కనుక కొంత విస్తరించి చెప్పడం అవసరం.

మొదటిది లిపి. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే స్థానం దొరికింది. అయినా మన అచ్చు ప్రపంచం, దానితో పాటు తెలుగు శాఖల నోట్సు, సిద్ధాంత వ్యాసాలు, ప్రశ్నపత్రాలు చాలాకాలం అను ఖతులలోనే ఉండిపోయాయి. డీటీపీ సెంటరులో టైపు చేయించిన ఇరవై ఏళ్ల పాఠాలు అధ్యాపకుల పెన్‌డ్రైవులలో ఉన్నాయి. లాక్‌డౌన్‌లో వాటిని విద్యార్థుల ఫోన్లకు పంపితే తెలుగు స్థానంలో రోమను అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్త కనిపించింది. పీడీఎఫ్ చేసి పంపితే కనిపిస్తుంది కాని వెతకడానికి వీలుండదు, చిన్న తెరపై అక్షరం ఆనదు. చివరికి చాలామంది చేసినది చేతిరాత పుటను ఫొటో తీసి పంపడం. లిపిమార్పిడి ఉపకరణాలు ఉన్నాయని తెలిసినవారు మార్చుకున్నారు. వాటితో వచ్చే ఒత్తుల దోషాలు దిద్దుకోవడానికి కూర్చొని టైపు చేసినంత శ్రమ అయింది. ఒక మేలు మాత్రం నిజంగా జరిగింది. యాభై దాటిన అధ్యాపకులు సైతం ఫోనులో యూనికోడ్ తెలుగు టైపు చేయడం, గొంతుతో టైపు చేయించడం నేర్చుకున్నారు. ఈ ఒక్క విషయంలో శాఖలు ఎన్నో ఏళ్లుగా వాయిదా వేస్తూ వచ్చిన పని ఆరు నెలలలో పూర్తయింది.

రెండోది ఛందస్సు. నల్లబల్ల మీద పద్యం నాలుగు పాదాలు ఒకదాని కింద ఒకటి రాస్తే ప్రాసాక్షరం నిలువునా కనిపిస్తుంది. చెప్పకముందే విద్యార్థి కన్ను దానిని పట్టుకుంటుంది. చంపకమాల పాదానికి 21 అక్షరాలు, ఉత్పలమాలకు 20. ఫోను తెర ఆ పాదాన్ని రెండుగా, కొన్నిసార్లు మూడుగా విరుస్తుంది. ప్రాస వరుస చెదురుతుంది. యతిస్థానం ఎక్కడో కింది వరుస మొదట్లోకి పోతుంది. విరిగిన చోటే యతి అని విద్యార్థి పొరబడిన సందర్భాలు కూడా ఉన్నాయి. గురులఘువుల గుర్తులను అక్షరాల కింద టైపు చేయబోతే, తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కొక్కటి ఒక్కో రకం కనుక గుర్తు తన అక్షరం కింద నిలవదు. చివరకు నోటుబుక్కులో రాసి, ఆ పుటపైకి ఫోనును ఏ డబ్బాకో ఆనించి, వేలితో చూపుతూ గణవిభజన చెప్పాం. నేలబల్లకు తిరిగి వెళ్లినట్లే.

మూడోది గొంతు. పద్యాన్ని రాగయుక్తంగా చదివితే వీడియో సమావేశ సాఫ్ట్‌వేరు ఆ సాగదీతను రొదగా భావించి అణచివేస్తుంది. సంభాషణ స్పష్టంగా వినిపించడానికి చేసిన ఏర్పాటు అది. పద్యం ఆ ఏర్పాటు లెక్కలో లేదు. దీర్ఘం మధ్యలో తెగిపోతుంది. అందరూ కలిసి చదవడం అసలు సాధ్యం కాదు, ఎందుకంటే ఒక్కొక్కరి ధ్వని ఒక్కో క్షణం ఆలస్యంగా చేరుతుంది. తెలుగు తరగతిలో వెనుక బల్లల విద్యార్థి గుంపులో గొంతు కలిపి పద్యం నేర్చుకుంటాడు. ఒంటరిగా మైకు తెరచి చదవమంటే చదవడు.

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది, ఇంటి గోడ. దళిత కవిత్వం, స్త్రీవాద కవిత్వం, ముస్లింవాద కథ మన పాఠ్యప్రణాళికలలో ఉన్నాయి. తరగతి గదిలో ఈ పాఠాలు చర్చగా మారతాయి, కొన్నిసార్లు వాదంగా మారతాయి. ఫోను స్పీకరులో అదే పాఠం విద్యార్థిని ఇంటి వరండాలో వినిపిస్తున్నప్పుడు చుట్టూ ఎవరున్నారో అధ్యాపకురాలికి తెలియదు. విద్యార్థినికి తెలుసు. అందుకే ఆమె మాట్లాడదు. తరగతిలో ప్రశ్నలతో విసిగించిన అమ్మాయిలు ఈ పాఠాల దగ్గర మైకు మూసుకొని కూర్చోవడం పలువురం గమనించాం. రికార్డయ్యే పాఠంలో తామేమి అంటే ఎక్కడికి చేరుతుందోనన్న జంకు అధ్యాపకులలోనూ ఉండినది. ఉదాహరణలు తగ్గాయి, పాఠం పుస్తకానికి దగ్గరగా జరిగింది. కళాశాల గది ఇల్లు కాకపోవడమే ఈ సాహిత్యం చదువుకోవడానికి ఒక షరతు అని ఇంత స్పష్టంగా అంతకుముందు నాకు తోచలేదు. నలభై శాతం ఆన్‌లైన్ అన్నప్పుడు ఏ పాఠాలు ఆ నలభైలోకి పోవాలో నిర్ణయించేది సాంకేతిక విభాగం కాక శాఖే కావాలనడానికి ఇదే కారణం.

5. జీతం, పేరు, పాఠం

ప్రైవేటు కళాశాలల అధ్యాపకులకు, గంటల లెక్కన వేతనం పొందేవారికి ఈ మార్పు ఉపాధి ప్రశ్నగా ఎదురైంది. జీతాలలో కోత, నెలల తరబడి బకాయి, పిలుపు రాకపోవడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినవే. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం సహాయం ప్రకటించింది. అది గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, సిబ్బందికి ఉద్దేశించినది. డిగ్రీ అధ్యాపకుడు ఆ జాబితాకు బయట.

దీనికి తోడు రికార్డయిన పాఠం గురించిన భయం ఒకటి ఉండేది. ఈ ఏడాది నేను చెప్పి పెట్టిన వీడియో వచ్చే ఏడాది నేను లేకుండానే నడిస్తే? సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకంలో లోపలి పుట మీద పేరు అచ్చయి ఉంటుందన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఫలానావారు ఫలానా పాఠం రాశారని ముప్పై ఏళ్ల తరువాత కూడా చెప్పవచ్చు. కళాశాల యూట్యూబ్ ఛానెల్‌లో ఉన్న పాఠానికి సంస్థ చిహ్నం ఉంటుంది, అధ్యాపకుని పేరు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆ పాఠం ఎవరిది అన్న ప్రశ్నకు నియామక పత్రాలలో జవాబు లేదు, ఎందుకంటే వాటిని రాసిన కాలానికి ఆ ప్రశ్న లేదు.

6. మిగిలిన ఆధారాలు

2021 ఫిబ్రవరి 1న కళాశాలలు తెరుచుకున్నాయి. మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. ఆ రెండు నెలల వ్యవధిలోనే నిజమైన అర్థంలో మిశ్రమ బోధన జరిగింది. సగం మంది బల్లల మీద, సగం మంది తెరలో. అధ్యాపకుడు ఎటు చూసి మాట్లాడాలో తేలని ఆ తరగతుల గురించి రాతలో దొరికేది చాలా తక్కువ.

దారుల్ తర్జుమా పుస్తకాలు గ్రంథాలయాలలో దొరుకుతాయి. అకాడమి పదకోశాలు దొరుకుతాయి. 1980ల సార్వత్రిక విశ్వవిద్యాలయ పాఠాలు పాత పుస్తకాల దుకాణాలలోనైనా దొరుకుతాయి. 2020 పాఠాలు వాట్సాప్ సమూహాలలో, అధ్యాపకుల పాత ఫోన్లలో, ఎప్పుడో గడువు తీరిన లింకులలో ఉన్నాయి. ఫోను నిండిందని తుడిచివేసినవి కొన్ని, ఫోను మార్చినప్పుడు పోయినవి మరికొన్ని. సిటీ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పూనుకొంటే ఒక్క సెమిస్టరులో, పరిశోధక విద్యార్థుల సాయంతో, మిగిలినవాటిని సేకరించవచ్చు: ధ్వనిసందేశాలు, ఫొటో తీసిన నోట్సు, గణవిభజన చూపిన వీడియోలు, హాజరు తెరచిత్రాలు. విద్యార్థుల గొంతులు కూడా వాటిలో ఉన్నాయి కనుక వారి అనుమతి ముందుగా తీసుకోవాలి. ఆ బ్యాచ్ పిల్లలు చదువు ముగించుకొని వెళ్లిపోయారు, చాలామంది నంబర్లు మారాయి. సేకరణ అక్కడ నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.